హువాహిన్ పెళ్లికి వెళ్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

మావయ్య మనవరాలి పెళ్లికి అమ్మను తీసుకుని నువ్వూ మరదలూ థాయ్‌లాండ్‌లోని హువాహిన్ వెళ్తున్నారని తెలిసి ఎంత సంతోషమైందో చెప్పలేను. మోకాలి ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు కాబట్టి నాకు కుదరదు. రెండేళ్ల కిందట ఆ దేశంలోనే ఫుకెట్‌లో పెళ్లికి వెళ్లొచ్చాం కదా, అప్పుడు తెలిసినవి నీకు రాస్తున్నాను.

మన ఊళ్లో పెళ్లయితే ఏది మర్చిపోయినా పక్కింటికి కుర్రాణ్ని పంపితే వస్తుంది. అక్కడ పెళ్లివారు కూడా మనలాగే సూట్‌కేసులతో దిగినవాళ్లే. ఎవరి అవసరం వాళ్లు చూసుకుని వెళ్తే మావయ్యకి అంతకన్నా సాయం లేదు.

ముందు అమ్మ పాస్‌పోర్టు తీసి చూడు. మనం దిగే తేదీకి ఇంకా 6 నెలల గడువు ఉండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించు. మనవాళ్లకి ఇంటిపేరు ఒక్క అక్షరంతో సరిపెట్టడం అలవాటు, అక్కడే చిక్కొస్తుంది. 2024లో మనవాళ్లకి వీసా లేకుండా 60 రోజులు ఉండొచ్చన్నారు కానీ ఇలాంటి రూల్స్ మారుతుంటాయి. టికెట్ కొనే ముందు థాయ్ ఎంబసీ సైట్ ఒకసారి చూడు. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు కూడా పెట్టారు. అక్కడ దిగడానికి 3 రోజుల ముందు నుంచే ఆన్‌లైన్‌లో నింపాలి, అమ్మకి వేరుగా, మీ ఇద్దరికీ వేరుగా. అది ఉచితం. డబ్బు కట్టమంటే అది అసలు సైట్ కాదని అర్థం.

బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులున్నాయి, సువర్ణభూమి, డాన్ మువాంగ్. పెళ్లివారి బస్సు ఎక్కడికి వస్తుందో అడిగాకే టికెట్ తీసుకో. అక్కణ్నుంచి హువాహిన్‌కి రోడ్డు మీద దాదాపు 3 గంటలు. అమ్మకి టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడుగు. ఎయిర్‌లైన్ వాళ్లే మనిషినిచ్చి ఇమిగ్రేషన్ దాకా తోడు పంపిస్తారు. నడవగలనని అమ్మ మొండికేస్తుంది, వినకు.

పెళ్లికి ఒకరోజు ముందు కాదు, రెండు రోజుల ముందు చేరండి. ఫుకెట్‌కి మేం ముందు రోజు సాయంత్రం దిగాం. నా సూట్‌కేసు రాలేదు. బెల్టు ఖాళీగా తిరుగుతూనే ఉంది, చివరికి ఆపేశారు. పట్టుచీర, దానికి కుట్టించుకున్న జాకెట్టు, మీ బావ పంచెలు, అన్నీ అందులోనే. ఆ రాత్రి ఫారాలు నింపుతూ కూర్చున్నాం. పొద్దున ప్రయాణంలో కట్టుకున్న కాటన్ చీర పిండి, ఆరీ ఆరకుండానే కట్టుకుని తలంబ్రాలకి వెళ్లాను. సూట్‌కేసు మూడో రోజు హోటల్‌కి వచ్చింది. అందుకే మరదలికి చెప్పు, ముహూర్తానికి కట్టుకునే చీర, జాకెట్టు, లంగా, నీ పంచె చేతిసంచిలోనే ఉండాలి. అమ్మ బీపీ, షుగర్ మందులు కూడా అందులోనే, స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో సహా. విడి మాత్రలు డబ్బాలో పోయకు. పవర్ బ్యాంకు ఎలాగూ చేతిసంచిలోనే పెట్టాలి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలో.

బంగారం విషయం మరదలితో నెమ్మదిగా మాట్లాడు. నానుతాడు, గాజులు చాలు, మిగతాది వన్ గ్రామ్ గోల్డ్ పెట్టుకున్నా ఎవరూ అడగరు. నెక్లెస్ తప్పదంటే, బిల్లూ ఫోటోలూ పట్టుకుని బయల్దేరేటప్పుడు మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. నగ ఇక్కణ్నుంచే తీసుకెళ్లాం అనడానికి వచ్చేటప్పుడు ఆ కాగితమే రుజువు. దానికి టైమ్ పడుతుంది, ముందే చేరండి.

ముహూర్తం టైమ్ గురించి ఒక మాట. అక్కడ గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. పత్రికలో తెల్లవారుజామున 4:40 అని వేశారు. అది అక్కడి టైమే అని మావయ్యని అడిగి ఖాయం చేసుకున్నాను. అంటే మన లెక్కలో 3:10. ఫోన్ తనంతట తనే మారుతుంది, చేతి గడియారం మారదు. విమానం దిగగానే ముల్లు తిప్పు. ఫుకెట్‌లో మీ బావ గడియారం మార్చుకోక జీలకర్ర బెల్లం చూడలేకపోయారు, ఇప్పటికీ బాధపడతారు. హోటల్ రిసెప్షన్‌లో కూడా నిద్రలేపమని చెప్పి పడుకోండి.

పెళ్లి భోజనం మన వంటవాళ్లే చేస్తారట, దానికి టెన్షన్ లేదు. బయట తిన్నప్పుడే జాగ్రత్త. కూరగాయల వేపుడే అన్నా అందులో చేపల సాస్ పోస్తారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు కదా, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసిన కొట్టు కోసం చూడు. అక్కడ చేపా మాంసం గుడ్డూ ఏవీ ఉండవు, ఉల్లీ వెల్లుల్లీ కూడా వాడరు. అయినా అటుకులు, వేయించిన పల్లీలు ఒక పొట్లం ఉంచుకో.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అమ్మ బీపీ, షుగర్ దాచకుండా రాయించు. అద్దె స్కూటర్ జోలికి పోకు, తగిన లైసెన్స్ లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు. గుళ్లకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లండి. రాజుగారి గురించి తేలిగ్గా మాట్లాడితే అక్కడ చట్టం చాలా కఠినం, పెళ్లికి వచ్చిన పిల్లలకి కూడా చెప్పు. బుద్ధుడి విగ్రహం కొని తెస్తానని మరదలు అంటుందేమో. వాళ్ల శిల్ప కళల శాఖ అనుమతి లేకుండా వాటిని దేశం దాటించకూడదు.

చదివింపులు అక్కడ వద్దు. వెండి కంచమైనా కవరైనా అక్కడ చేతిలో పెడితే, ఆ హడావుడిలో వాటన్నిటినీ కాపాడుకుని తిరిగి మోసుకురావాల్సింది అత్తయ్యే. వచ్చాక గుంటూరులో రిసెప్షన్ ఉంది, అప్పుడు ఇద్దాం. నా తరఫున అక్షింతలు మాత్రం అమ్మ చేత వేయించు. ముహూర్తానికి వీడియో కాల్ చెయ్యి, నేను 3 గంటలకే లేచి కూర్చుంటాను.

ఈ రాత్రికి ముగ్గురి పాస్‌పోర్టుల మొదటి పేజీ, చివరి పేజీ ఫోటోలు తీసి నాకు వాట్సాప్‌లో పంపు. అక్కడ ఏది పోయినా నా దగ్గర కాపీ ఉంటుంది.

మీ అక్క