ఆ ఒక్క 'ట' తీసేయకు

నాయనా,

నువ్వు పంపిన చంద్రగిరి కోట వ్యాసం రెండుసార్లు చదివాను. సొంత ఊరి మీద నీకున్న ప్రేమ తెలుస్తూనే ఉంది. అందుకే కాస్త గట్టిగా రాస్తున్నాను. టెన్షన్ పడకు.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "క్రీ.శ. 1000లో ఇమ్మడి నరసింగ యాదవరాయలు ఈ కోట కట్టించాడు" అన్నావు. మీ ఊళ్లో ఏ అవ్వనైనా అడిగి చూడు, "కట్టించినాడంట నాయనా" అంటుంది. నేను చూడలేదు, విన్నాను అని ఒక్క మాటలో చెప్పేస్తుంది. నువ్వు డిగ్రీ చదివి ఆ 'ట' కాస్తా తీసేశావు. యాదవరాయల సంగతి తరతరాలుగా చెప్పుకుంటున్నదే, రాయొద్దనను. "కట్టించాడట" అని రాయి. పైగా ఆ వాక్యం అయిందో లేదో రాజమహల్ వర్ణనలోకి దూకావు. చదివేవాళ్లు మహల్ కూడా వెయ్యేళ్లదే అనుకుంటారు. అది విజయనగర రాజుల కాలం నాటి కట్టడం.

ఆ వర్ణనలో 'అద్భుతం' మూడుసార్లు, 'అపురూపం' రెండుసార్లు వచ్చాయి. మూడంతస్తుల మేడలో కొయ్య దూలమే లేదన్న మాట మాత్రం ఎక్కడా లేదు! రాయి, ఇటుక, సున్నం, అంతే. మిద్దె మీద మిద్దె నిలబడాలంటే బరువంతా కమానుల మీదుగా లావుపాటి స్తంభాల్లోకి దిగాలి. కింద కమానుల వంపు, పైన గుడి శిఖరాల్లాంటి బురుజులు. నువ్వు చూసింది అదే కదా, దాన్నే రాయి. ఇక రాణీమహల్లో రాణులు తలారబోసుకుంటున్నట్టు రాశావు. కింది అంతస్తులోకి వెళ్లి చూడు, గుర్రాల సాల లాగా ఉంటుంది. సేనాపతి విడిది అనేవాళ్లూ ఉన్నారు. పేరు ఒక్కటి చూసి వాకిట్లో పల్లకీ దింపేశావు.

నేనేం తక్కువ తినలేదులే. నా మొదటి వ్యాసంలో ఒక కోట నుంచి కొండమీది గుడి దాకా సొరంగం ఉందని రాసేశాను. వారం తిరక్కుండా ఎవరో పెద్దాయన కార్డు రాశారు: "అయ్యా, తమరు అందులో ఎంతదూరం వెళ్లొచ్చారు?" ఇంకేమీ లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలోనే ఉంది.

నీ రాజుల పేరా పెళ్లిలో చదివింపుల లిస్టులా నడిచింది. సాళువ నరసింహుడు, కృష్ణదేవరాయలు, అచ్యుతరాయలు, వెంకటపతిరాయలు, తలా ఒక వాక్యం. అచ్యుతరాయల దగ్గర ఆగాలి కదయ్యా! 1509లో కృష్ణదేవరాయలు గద్దెనెక్కగానే తన ముగ్గురు తమ్ముళ్లనూ, అన్నకొడుకునూ చంద్రగిరి కోటలో పెట్టించాడని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. ఆ పిల్లవాడికి అప్పటికి ఎనిమిదేళ్లు. తమ్ముళ్లలో అచ్యుతరాయలు ఇరవై ఏళ్ల తర్వాత, 1529లో రాజయ్యాడు. తిరుమలలోనూ కాళహస్తిలోనూ పట్టాభిషేకం చేసుకుని మరీ విజయనగరం వెళ్లాడు. పిల్లవాడు మాత్రం చచ్చేదాకా ఆ కోటలోనే ఉండిపోయాడంటాడు నూనిజ్. అతను ఇది రాసింది అచ్యుతరాయల పాలనలో, పాతికేళ్ల కిందటి సంగతి విని. కాబట్టి ఇక్కడా ఒక 'ట' పడాల్సిందే. పడినా ఆ పిల్లవాడి కథ బరువేమీ తగ్గదు. మనందరం సాహితీ సమరాంగణ సార్వభౌముడని పొగిడే రాయలు తిరుమలకి ఏడుసార్లు వచ్చాడు. చంద్రగిరి అక్కడికి కూతవేటు దూరం. నేనైతే వ్యాసం ఇక్కడే మొదలుపెట్టేవాణ్ణి.

మద్రాసు సంగతి. "ఈ మహల్లోనే మద్రాసు పట్టా మీద సంతకం అయింది" అన్నది గైడు మాట. 1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి ఆ సముద్రపు ఒడ్డు ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, చంద్రగిరి రాయలకు సామంతుడు. 1645లో విజయనగర రాజు శ్రీరంగరాయలు దాన్ని ఖాయం చేశాడు. నీ ఊరికి ఆ మహానగరంతో ఉన్న చుట్టరికం చెప్పడానికి ఇది చాలు, సంతకం పెట్టిన గది దాకా పోకు. 1646లో గోల్కొండ వాళ్లు, 1782లో హైదర్ అలీ కోట పట్టుకున్నారు, వీటికి రెండు పేజీలు ఎందుకు? ఒక పేరా దాటనివ్వకు. కత్తుల చప్పుడు ఏ కోటలోనైనా ఒకటే.

మళ్లీ ఒకసారి వెళ్లిరా. ఈసారి ఫోను జేబులో పెట్టి, కాగితం పెన్సిలు పట్టుకుపో. రాజమహల్ మెట్లు లెక్కపెట్టు, గోడ మందం జానలతో కొలువు. ఎండ ఏ కిటికీలోంచి ఎంతవరకు వస్తుందో రాసుకో. శుక్రవారం మాత్రం వెళ్లకు, మ్యూజియం మూసేస్తారు.

తిరగరాసింది కాగితం మీదే పంపు. ఫోన్లో చదివితే నాకు కళ్లు మంటలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు