కథలు చెబుతూ సంగీతం నేర్పితే శాస్త్రీయ పునాది దెబ్బతింటుందా?

"మా పాపకు ఎనిమిదేళ్లు. నెలల తరబడి మొదటి స్వర పాఠాలైన సరళీ వరుసలే పాడిస్తున్నారని విసిగిపోయి ఇక క్లాసుకు వెళ్లనంటోంది. కథలతో, ఇతర దేశాల సంగీతంతో కలిపి నేర్పే చోట చేర్పిద్దామంటే, పునాది పాడవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నిజమేనా?" అని కడప నుంచి ఒక తల్లి అడిగారు.

నిజం కాదమ్మా. అనంతపురం పాతవూరులో ఎంతో కాలంగా పిల్లలకు పాట నేర్పుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. కథ లేకుండా మొదలుపెట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆ తర్వాతి పాఠాలైన జంట వరుసలు దాటకుండానే మానేస్తారు. మాయామాళవగౌళ రాగంలో ఈ వరుసలను ఏర్పరిచినవారు పురందరదాసు అని ప్రతి గురువూ చెబుతారు. లోభిగా పేరుపడిన వ్యాపారి ఉన్నదంతా పంచిపెట్టి, తంబూరా పట్టుకుని వీధిన పడ్డాడని తరతరాలుగా చెప్పుకునే కథను మాత్రం చెప్పరు. అది విన్నాక "స రి గ మ" పాడే గొంతులో తేడా వస్తుంది. నేను ఎన్నోసార్లు విన్నాను.

మా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు. గొంతు చక్కనిది, తాళం మాత్రం నిలిచేది కాదు. ఆదితాళం వేయిస్తే చెయ్యి ఒక దారి, పాట ఒక దారి. ఒక సంక్రాంతి సెలవుల్లో తోలుబొమ్మలాట కళాకారుణ్ణి ఒకరిని మా ఇంటికి పిలిచాం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట నుంచి వచ్చారు. హాల్లో అడ్డంగా తెల్ల పంచె కట్టి, వెనక దీపం పెట్టి, హనుమంతుడు లంకలో రాక్షసులతో తలపడే ఘట్టం ఎత్తుకున్నారు. పిల్లలందరూ తెర ముందు కూర్చుంటే, ఈ అబ్బాయిని మాత్రం ఆయన తెర వెనక్కి పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు.

అక్కడ నేల మీద ఒక చెక్కపలక ఉంది. బొమ్మలు రెండు చేతుల్లో, పాట నోట్లో, తాళం కాలి కింద. దెబ్బ పడినప్పుడల్లా ఆయన పలకను మడమతో తొక్కుతుంటే గది అదిరిపోయింది. కాసేపయ్యాక "నువ్వు తొక్కు నాయనా, నేను బొమ్మలు చూసుకుంటా" అని పలక వాడికి వదిలేశారు. వాడు తొందరపడితే రాక్షసుడికి దెబ్బ తగలకముందే చప్పుడు వచ్చేది, ముందున్న పిల్లలు గోల చేసేవారు. ఆలస్యం చేస్తే హనుమంతుడు చెయ్యి ఎత్తి అలాగే నిలబడిపోయేవాడు. ఆయన ఒక్క మాట అనలేదు, తప్పు దిద్దలేదు. కొంతసేపటికి వాడి చూపు ఆయన మణికట్టు మీద నిలిచింది. బొమ్మ చెయ్యి వెనక్కి వెళ్లేటప్పుడు ఊపిరి బిగబట్టి, కిందికి దిగేటప్పుడు తొక్కడం మొదలుపెట్టాడు. దెబ్బకు ముందుండే ఖాళీ వాడికి కాలి ద్వారా తెలిసింది. తాళంలో పిల్లలకు అందనిది ఆ ఖాళీయే. తర్వాతి క్లాసులో ఆదితాళం వేస్తూ, ద్రుతమనే భాగంలో అరచెయ్యి తిప్పే చోట ఆగి, "ఇక్కడ హనుమంతుడు చెయ్యి వెనక్కి తీస్తున్నాడు కదా టీచర్!" అన్నాడు. ఆ రోజు నుంచి వాడికి తాళం తప్పలేదు. శాస్త్రీయ పునాది అంటే ఇది కాక మరేమిటి?

ఇతర దేశాల సంగతికి వస్తాను. ఆ ఆట చూసిన పిల్లలకే జావా దీవిలోని వాయాంగ్ తోలుబొమ్మల వీడియో వేసి చూపించాను. అక్కడా రామాయణమే, అక్కడా హనుమంతుడే. ఆడించే దలాంగ్ పక్కనున్న చెక్కపెట్టెను కొయ్య సుత్తితో కొడతాడు, పెట్టెకు వేలాడే లోహపు రేకులను కాలితో మోగిస్తాడు. మా అబ్బాయి లేచి నిలబడి "అక్కడా కాలే!" అని అరిచాడు. మన బొమ్మలు పల్చగా గీకిన మేకతోలువి కాబట్టి నీడ రంగురంగులుగా పడుతుందనీ, వాళ్లవి దున్నపోతు తోలువి కాబట్టి నల్లగా పడుతుందనీ ఒక పాప కనిపెట్టింది. ఆ ఆటకు వాయించే గమెలాన్ వాద్యబృందంలో స్లెండ్రో అని అయిదు స్వరాల వరుస ఒకటి ఉంది. వినగానే పిల్లలు మన అయిదు స్వరాల రాగం మోహనం అన్నారు. శ్రుతిపెట్టె పెట్టి మోహనం పాడించాను. కలవలేదు. స్వరాల మధ్య దూరాలు వేరు. అసలు రెండు గమెలాన్‌ల శ్రుతులే ఒకదానితో ఒకటి సరిపోవు. మన గాంధారం, అంటే "గ" స్వరం, ఎక్కడ నిలుస్తుందో ఆ పూట పిల్లలు పట్టుకున్నంత కచ్చితంగా, నేను వందసార్లు పాడించినా పట్టుకునేవారు కాదు.

ఇతర దేశాల సంస్కృతి పేరుతో పాఠశాలల్లో జరిగేది చూస్తే మాత్రం కడుపు మండుతుంది. ఒక ప్రైవేటు పాఠశాలవాళ్లు ప్రపంచ సంస్కృతుల వేడుకకు పిలిచారు. పిల్లల తలలకు ఈకలు అతికించి, ముఖాలకు రంగులు పూసి, స్పీకర్లలో ఏదో పాట మోగిస్తూ గెంతించారు. ఏ దేశమని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. ఇంకొందరైతే చేర్పించిన నెలకే "టీవీ పోటీకి ఎప్పుడు పంపుతారు?" అంటారు. పిల్లకు శ్రుతి నిలవకముందే వేదిక ఎందుకో నాకు అర్థం కాదు.

దేశాలు ఎక్కువ అక్కర్లేదు. ఏడాదికి రెండు మూడు, లోతుగా చాలు. చైనాలో ఏడు తీగల గుచిన్ వాయించే బో యా కథ మా పిల్లలకు ప్రాణం. అతను కొండను తలచుకుని వాయిస్తే మిత్రుడు జోంగ్ జీచీ కొండ అనేవాడు, ఏటిని తలచుకుంటే ఏరు అనేవాడు. ఆ మిత్రుడు చనిపోయాక బో యా తీగలు తెంపేసి మళ్లీ వాయించలేదు. కథ అయ్యాక నేను వీణ మీద మోహనం వాయిస్తాను, కొండో ఏరో వాళ్లు చెప్పాలి. అంత నిశ్శబ్దం పరీక్ష గదిలో కూడా ఉండదు.

మన గడ్డ కథలూ వదలకండి. తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. రేకుల మీద రాగం పేరు ఉంది, వరుస లేదు. వాటిలో ఎన్నింటికో స్వరాలు కూర్చింది మా అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ. ఈ సంగతి చెప్పి, పిల్లలకు ఒక్క పల్లవి మాటలు, రాగం పేరు ఇచ్చి "వరుస మీరే కట్టండి" అంటాను. తొమ్మిదేళ్లవాళ్లు కూడా కడతారు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చజెప్పండి. అయితే చేర్పించే ముందు ఆ చోట ఒక క్లాసు పూర్తిగా కూర్చుని చూడండి. కథ అయ్యాక పిల్లల చేత పాడించి, తాళం వేయించి, శ్రుతి సరిచూస్తున్నారంటే చేర్పించండి. కథతోనే గంట గడిపేస్తే వద్దు. ఇప్పుడున్న గురువు మంచివారైతే మార్చనే అక్కర్లేదు, కథలు మీరే ఇంట్లో చెప్పవచ్చు. సెలవుల్లో పాపను నిమ్మలకుంట తీసుకువెళ్లండి. వచ్చినవాళ్లంతా బొమ్మలు, దీపాలకు వేసే తోలు గొడుగులు కొనుక్కుని వెళ్లిపోతుంటారు. మీరు ఆట ఆడించమని ముందుగా మాట్లాడుకుని, వాళ్ల శ్రమకు తగిన డబ్బు ఇచ్చి, పాపను తెర వెనక కూర్చోనివ్వమని అడగండి.