చిటికెన వేలు ఒరుసుకోని ఆఫీసు బూట్లు

తమ్ముడూ, విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం, ఒక్క జతే కొనాలి, పాదం వెడల్పు, చిటికెన వేలు ఒరుసుకుపోతోంది అన్నావు కదా. రంగు నలుపే, ఆలోచించకు. మోడల్ మాత్రం డెర్బీ అడుగు. లేసులు కట్టే రెండు రెక్కలూ డెర్బీలో పైన విడిగా ఉంటాయి, వెడల్పు పాదానికి కాస్త విచ్చుకుంటాయి. ఆక్స్‌ఫర్డ్ అనే ఇంకో మోడల్‌లో ఆ రెక్కల కింది భాగం కుట్టేసి ఉంటుంది, నీకు బిగుతే. పెద్ద సైజుతో సరిపెట్టుకోకు, మడమ జారుతుంది. సాయంత్రం వెళ్లు, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. రోజూ వేసే సాక్సులతోనే తొడిగి చూడు. "వాడితే సాగుతుంది సార్" అంటారు షాపువాళ్లు. తోలు వెడల్పుకి కొద్దిగా సాగుతుంది గానీ పొడవుకి సాగదు. ఆ మాట నమ్మి నేను కోట నుంచి గంటస్తంభం దాకా కుంటుకుంటూ నడిచాను, అదెంత దూరమని! వానకి తడిస్తే ఎండలో పెట్టకు, పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టు.