యాస పలికింది సరే, ఒళ్లు పలికిందా?

సినిమాలు, నటనపై పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

‘పుష్ప’ మొదటి భాగంలో చిత్తూరు యాస అచ్చుగుద్దినట్టు ఉందని మా ఆఫీసులో గుంటూరువాళ్లు అంటారు. మా అమ్మేమో ‘ఇది మన మాట కాదబ్బా’ అంటుంది. ఎవరిది నిజం?
– ఒక పాఠకురాలు, తిరుపతి

చెవి మీ అమ్మగారిదే. తీర్పు మాత్రం కాస్త మెత్తగా ఇవ్వాలి. అసలు మన పాత జిల్లాలో యాస ఒకటా? నగరి, సత్యవేడు వైపు అరవం కలుస్తుంది. పలమనేరు దాటి కుప్పం వెళ్లేకొద్దీ కన్నడం కూడా తోడవుతుంది. ఇన్నింటినీ తెర మీద పెట్టడం కుదరదు కాబట్టి, ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా నిలబెట్టారా లేదా అన్నదే చూడాలి.

దానికి క్రియల్ని పట్టుకోండి. ‘ఉంది’ అనాల్సిన చోట ‘ఉండాది’, ‘వస్తున్నా’ బదులు ‘వస్తా ఉండా’, ‘చెప్పావు’ బదులు ‘చెప్తివి’ వస్తున్నాయా? చాలా సినిమాల్లో కోస్తా వాక్యమే రాసుకుని, ముందొక ‘ఏందిరా’, చివరొక ‘అబ్బా’ తగిలించి సీమ యాస అనిపించేస్తారు. పులుసులో చింతపండు మరిచి పైన కొత్తిమీర చల్లినట్టు. ఆ తర్వాత కోపం, ఏడుపు ఉన్న సీన్లు చూడండి. నిదానంగా మాట్లాడేటప్పుడు యాసను ఎవరైనా కాపాడుకుంటారు. గొంతు పెరిగినప్పుడే నటుడి సొంతూరు బయటికొస్తుంది. పక్క పాత్రల్నీ వినండి. ఒకే ఇంట్లో పెరిగిన తల్లీ కొడుకూ రెండు జిల్లాల తెలుగు మాట్లాడితే తప్పు డైరెక్టరుది.

అల్లు అర్జున్ క్రియల దగ్గర చాలావరకు నిలబడ్డారు. తేడా లయలో వచ్చింది. మన పల్లెల్లో మాట గబగబా దొర్లుతుంది. సినిమాలో విజిల్‌కు చోటివ్వాలని ప్రతి ముక్కనూ విడదీసి, సాగదీసి వదిలారు. మీ అమ్మగారికి గుచ్చుకున్నది బహుశా అదే. ఒళ్లు మాత్రం ఎక్కడా తప్పలేదు. ఎత్తిపట్టిన ఆ భుజం ఫైట్లోనూ దిగదు, సిగ్గుపడే సీన్లోనూ దిగదు. సినిమాను కథ వరుసలో తీయరు. నెలల తేడాతో తీసిన రెండు షాట్లు పక్కపక్కన పడతాయి. భుజం రెండంగుళాలు అటూ ఇటూ అయితే ఎడిటింగ్ టేబుల్ మీద దాచడం కష్టం. 69వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ నటుడి బహుమతి ఆయనకు వచ్చింది. తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి. మా లెక్కలో అందులో సగం వాటా ఆ భుజానిది.

మరొక్క మాట. కేశవగా చేసిన జగదీశ్ తెలంగాణ నటుడు. యాస పట్టాలంటే ఈ ఊళ్లోనే పుట్టి ఉండాలని లేదు.

గంగజాతర వేషాలు ఏటా చూసేవాణ్ని. ‘పుష్ప 2’లో జాతర నాకు మన జాతరలా అనిపించలేదు. అయినా అందరూ ఆ సీన్‌నే పొగుడుతున్నారు.
– ఒక పాఠకుడు, తిరుపతి

జాతర లెక్క వేరు, నటన లెక్క వేరు. తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అని వేషాలకు ఒక వరుస ఉంది, ఒక్కోదానికి ఒక్కో తీరుంది. 2024 డిసెంబరు 5న వచ్చిన సినిమాకు ఆ వరుసతో పనిలేదు. మగవాడు మొక్కుకుని చీర కట్టడం అనే ఒక్క పోగును తీసుకుని పెద్ద ఆటగా అల్లుకుంది. జాతరకు నకలు అనుకుని చూస్తే నిరాశే.

నటన సంగతికొస్తే, మగవాడికి చీర కట్టగానే నడుం తిప్పించి నవ్వించడం మన తెరకు పాత అలవాటు. ఇక్కడ ఆ దారి తొక్కలేదు. వేషం కట్టిన మనిషి ఒంట్లోకి వచ్చే బరువు, పాదం మొత్తం నేలకు ఆనించి కొట్టడం, రెప్ప వాల్చని చూపు, ఇవి మీరు వీధిలో చూసినవే. లోపమూ ఉంది. స్లోమోషన్, డప్పుల మోత కలిసి నటుడి పనిలో పెద్ద భాగాన్ని మోసేశాయి. మార్కులు ఆటకు వేయకండి. ఆడబిడ్డ పుట్టాలని కోరుకునే చోట మొహానికి వేయండి. అక్కడ అరువు బలం తక్కువ.

హీరోయిన్‌కు గొంతు ఇంకొకరిది అయినప్పుడు ఆమె నటన బాగుందని ఎలా చెప్పగలం?
– ఒక పాఠకుడు, పుంగనూరు

రెండు ఖాతాలు తెరవండి. ‘ఏ మాయ చేశావే’ (2010)లో మొహం సమంతది, గొంతు చిన్మయిది. కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడింది చాలాసార్లు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుతో. రాజశేఖర్ పోలీసు డైలాగుల వెనక ఉన్నది సాయికుమార్. సగం పని ఇంకొకరిది కాబట్టే నంది అవార్డుల్లో డబ్బింగ్‌కు విడిగా బహుమతి పెట్టారు.

ఒక సీన్‌ను ముందు సౌండ్ తీసేసి రెండు నిమిషాలు చూడండి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. సౌండ్ లేకుండా కూడా ఆమె ఏం దాస్తోందో అర్థమైతే మొహం గెలిచినట్టు. పెదాలు కలవడం లేదని వెంటనే తిట్టకండి. డబ్బింగ్‌లో ముఖ్యంగా చూసుకునేది ప, బ, మ లాంటి పెదవులు మూతపడే అక్షరాల్ని. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా చాలామంది గమనించరు. నిజంగా చెడేది మెడ దగ్గర. గొంతు గావుకేక పెడుతుంటే తెర మీద మెడ నరం కదలకపోతే, భాష రాని నటి సెట్లో ఆ డైలాగును అప్పచెప్పి వెళ్లిపోయిందని అర్థం. దానికి డబ్బింగ్ కళాకారిణి చేయగలిగేది ఏమీ లేదు.

పాత సినిమాల్లో నటన అంతా ఓవర్ యాక్షన్ అని మావాడు ఎగతాళి చేస్తాడు.
– ఒక పాఠకురాలు, పలమనేరు

వాణ్ని ఈ వేసవిలో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతానికి తీసుకెళ్లండి. పగలు హరికథ, రాత్రంతా నాటకం. కిరీటం, భుజకీర్తులు పెట్టుకున్న దుర్యోధనుడు చాపల మీద చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా వినపడాలి, కనపడాలి. అక్కడ కనుబొమ మాత్రమే కదిపితే ఎవరికి తెలుస్తుంది? మన తొలితరం సినిమా నటుల్లో చాలామంది అలాంటి రంగస్థలాల మీంచి దిగినవాళ్లే. కొలత పెద్దదైతే తప్పు కాదు. ఒకే ఫ్రేములో ఉన్న నలుగురిదీ నాలుగు కొలతలైతే తప్పు. ముగ్గురు మామూలుగా మాట్లాడుతుంటే నాలుగోవాడు ఊరేగింపులో ఉన్నట్టు ఊగిపోవడాన్నే ఓవర్ యాక్షన్ అనాలి. అది ఇప్పటి సినిమాల్లోనూ దండిగా ఉంది.

అప్పటికీ వినకపోతే ‘మాయాబజార్’ (1957)లో ‘అహ నా పెళ్లంట’ పాట పెట్టండి. కనిపించేది శశిరేఖ, లోపల ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి తన ఒంటితో ఎస్వీ రంగారావు ఒళ్లును చూపించాలి. అలాగని నటి మాయమైపోకూడదు. ఎవరూ లేనప్పుడు భుజాలు విచ్చుకుని, అడుగు బరువెక్కి, చేయి లేని మీసం వైపు పోతుంది. ఎవరైనా వస్తే ఒక్క క్షణంలో మళ్లీ ఆడపిల్ల. ఆ మారే క్షణాన్ని ఆపి ఆపి చూడమనండి. సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు తొంగిచూసే చోట్ల మొహం ఏం చేస్తోందో కూడా.

చిత్తూరు నాగయ్య మన చిత్తూరువారేనా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

పుట్టింది గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతంలో. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు వచ్చి, ఊరు ఇంటిపేరులా అతుక్కుంది. ‘త్యాగయ్య’ (1946) దొరికితే చూడండి. పాట, నటన రెండూ ఆయనవే. పాడే మనిషికే తెలిసిన ఊపిరి మొహంలో కనిపిస్తుంది.

ఫోన్‌తో 8 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. నటులు మా ఫ్రెండ్సే. ఎంత చెప్పినా పద్యం అప్పచెప్పినట్టే మాట్లాడుతున్నారు.
– డిగ్రీ విద్యార్థులు, తిరుపతి

షూటింగ్‌కు రెండు రోజుల ముందే డైలాగులు నోటికి రావాలి. వచ్చాక, ఉల్లిపాయలు తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో నాలుగైదుసార్లు చెప్పించండి. చేతులకు పనిస్తే గొంతు ఆ అప్పచెప్పే రాగాన్ని వదిలేస్తుంది. క్లోజప్‌లో ఎదుటి పాత్రధారిని టీ తాగడానికి పంపేయకండి. లెన్స్‌కు జానెడు పక్కన నిలబడి అతనే మాటలు అందించాలి. గోడను చూసి మాట్లాడేవాడి కళ్లలో ప్రాణం ఉండదు.

ఫోన్‌ను మొహానికి అడుగు దూరంలో పెడితే ముక్కు ఉబ్బుతుంది, అది చూసుకుని నటుడు బిగుసుకుపోతాడు. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్స్ వాడండి. ‘యాక్షన్’ అన్నాక మూడు సెకన్లు, ‘కట్’కు ముందు మూడు సెకన్లు ఎవరూ నోరు విప్పకూడదు. ఆ ఖాళీలోనే మంచి చూపులు దొరుకుతాయి, కత్తిరించడానికి చోటూ ఉంటుంది. గ్లాసు ఏ మాట దగ్గర, ఏ చేత్తో ఎత్తాడో ఒకరు కాగితం మీద రాసుకోవాలి. ఇది మరిచిపోతే మంచి టేకు ఉన్నా పారేయాల్సి వస్తుంది. ఆరో టేకు తర్వాత కూడా రాకపోతే తప్పు ఎక్కువగా డైలాగుది. మీ వాడు ఇంట్లో ఆ మాట ఎలా అంటాడో అడిగి, అలాగే రాయండి.

మా హీరో సినిమాలన్నీ నాకు బాగానే కనిపిస్తాయి. ఏం చేయాలి?
– అభిమాని, శ్రీకాళహస్తి

మొదటిరోజు మొదటి ఆటలో కాగితం ముక్కలు తప్ప ఏమీ కనపడవు. వారం ఆగి మాట్నీకి వెళ్లి, ఈసారి మీ హీరో మాట్లాడుతున్నప్పుడు అతన్ని వదిలేసి, వింటున్నవాళ్ల మొహాలు చూడండి. తర్వాత వాళ్లు మాట్లాడేటప్పుడు మీ హీరో వింటున్నాడో, తన డైలాగు కోసం కాచుకుని ఉన్నాడో చూసి మాకు రాయండి.