హ్యాంగోవర్ ట్యాబ్లెట్ వేసుకుంటే పొద్దున్నే కారు నడపొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. కావలి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాను. రోజూ తాగను గానీ, పట్టుబడి అయిన రోజు స్నేహితులతో కూర్చుంటే బ్రాందీ క్వార్టర్ దాటుతుంది, ఒక్కోసారి క్వార్టరున్నర. మర్నాడు తలపోటు, వికారం, ఏ పనీ చేయబుద్ధి కాదు. మావాడొకడు ఆన్‌లైన్‌లో హ్యాంగోవర్ ట్యాబ్లెట్లు, నీళ్లలో కలుపుకునే పొడి తెప్పించాడు. తాగేముందు ఒకటి, పడుకునేముందు ఒకటి వేసుకుంటే పొద్దున్నే కారేసుకుని నెల్లూరు వెళ్లిపోవచ్చంటున్నాడు. నేను రెండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఇవి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అవి పనిచేస్తాయని నమ్మడానికి గట్టి ఆధారం లేదు. మీరు ఎలాగూ షుగర్ మాత్రలు వాడుతున్నారు కాబట్టి వాటి జోలికి పోవద్దనే చెబుతాను.

ఈ విషయం మీద లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2022లో ఒక సమీక్ష చేశారు. లవంగం సారం, కొరియా జిన్సెంగ్, ఒక రకం పియర్ పండు రసం లాంటి 23 రకాల చికిత్సల మీద జరిగిన 21 ప్రయోగాలను పరిశీలించారు. ఒకటి రెండింటితో కొంత ఉపశమనం కనిపించింది గానీ, ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చారు. అన్ని ప్రయోగాల్లోనూ కలిపి పాల్గొన్నవాళ్లు 386 మందే. అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2020 జులైలో ఇలాంటి ఉత్పత్తులమ్మే ఏడు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మన దగ్గర డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ చూసి చాలామంది ధైర్యపడతారు. అది ఆహార లైసెన్సు మాత్రమే. మందుగా పనిచేస్తుందని ఎవరో పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

ఇక మీ స్నేహితుడి కారు సలహా సంగతి. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. మన బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. అంటే 180 ఎం.ఎల్. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాములు, క్వార్టరున్నరలో 90 గ్రాములు. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి క్వార్టరున్నర తాగితే, అది పూర్తిగా పోయేసరికి మర్నాడు ఉదయం ఆరు కావచ్చు, పది కూడా కావచ్చు. ఈ వేగాన్ని ఏ పొడీ పెంచలేదు. నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం కూడా అంతే. తలనొప్పి తగ్గినంత మాత్రాన రక్తంలో ఆల్కహాల్ తగ్గినట్టు కాదు. 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసే. తొలిసారి దొరికితే పదివేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ. హైవే మీద లారీల మధ్య జరగబోయేదాని ముందు ఆ జరిమానా ఎంత?

‘ఆర్ఎంపీ దగ్గర ఒక సెలైన్ ఎక్కించుకుంటే సరి’ అనేవాళ్లు మన జిల్లాలో ఎక్కువ. వాంతులతో నీరసించి, నోటితో ఏమీ నిలవనివారికి సెలైన్ అవసరమే. మిగతావాళ్లకు దానివల్ల ఒంట్లో నీరు చేరుతుందే గానీ ఆల్కహాల్ తొందరగా దిగదు. పైగా హ్యాంగోవర్ ఒక్క నీళ్లు తగ్గడం వల్లే రాదు. సరైన నిద్ర లేకపోవడం, కడుపులో పొర రేగడం, ఒంట్లో వాపు ప్రక్రియ, అన్నీ కలిసి అలా చేస్తాయి.

మీరు ముందు చూసుకోవాల్సింది మీ షుగర్ మాత్రల స్ట్రిప్. మెట్‌ఫార్మిన్ ఒక్కటేనా, దాంతో షుగర్‌ను మరింత దించే గ్లిమిపిరైడ్ అనే మందు కూడా కలిసి ఉందా? కలిసి ఉంటే ప్రమాదం ఎక్కువ. లివర్ ఆల్కహాల్ పనిలో పడి, రక్తంలోకి గ్లూకోజ్ వదలడం తగ్గిస్తుంది. సరిగా తినకుండా తాగి పడుకుంటే తెల్లవారుజామున షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తలనొప్పి, తికమక వస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని హ్యాంగోవర్ అనుకుని ‘పడుకోనీ’ అని వదిలేస్తారు. అలా ఉంటే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కన్నా తక్కువుంటే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఒకేసారి ఎక్కువగా తాగే అలవాటుంటే మెట్‌ఫార్మిన్‌తో రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ముప్పు కూడా ఉంది. అరుదే గానీ, వస్తే ప్రాణం మీదకు వస్తుంది.

తలనొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఖాళీ కడుపున వేసుకోవద్దు, కడుపులో రక్తస్రావం కావచ్చు. ముందుజాగ్రత్త అంటూ రాత్రి తాగుతూనే పారాసిటమాల్ వేసుకునే అలవాటు లివర్‌కు మంచిది కాదు. పొద్దున ఏదైనా తిన్నాక 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి చాలు. మజ్జిగ, ఉప్పేసిన నిమ్మరసం తాగండి. పొదలకూరు నిమ్మకాయలుండగా వందల రూపాయల పొడి ఎందుకు? రెండు ఇడ్లీలు తిని నిద్రపోండి. మరో పెగ్గు వేస్తే బాధ వాయిదా పడుతుంది, అంతే.

చూపు మసకబారినా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, వాంతిలో రక్తం పడినా అది హ్యాంగోవర్ కాదు. నాటు సారా, ఇంకేదైనా ద్రవం తాగాక చూపు మందగిస్తే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్లిందనుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. 2020లో కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయిన సంగతి ప్రకాశం జిల్లా మరచిపోలేదు.

మీ స్నేహితుల్లో రోజూ తాగేవాళ్లుండి, ఉదయం చేతులు వణికితే, పెగ్గు పడితేగానీ ఆ వణుకు ఆగకపోతే, అది వేరే సమస్య. అలాంటివాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో (జీజీహెచ్) సైకియాట్రీ డాక్టర్లను కలిసి, వాళ్ల పర్యవేక్షణలో మానాలి. 14446కి ఫోన్ చేసినా మాట్లాడతారు, ఆ కాల్ ఉచితం.

మీరు మాత్రం మీ షుగర్ డాక్టర్‌కు ఎంత తాగుతారో తగ్గించి చెప్పకుండా చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, లివర్ ఫంక్షన్ టెస్టు ఈమధ్య చేయించి ఉండకపోతే చేయించుకోండి. ఆ పొడి ఇప్పటికే వాడి ఉంటే డబ్బా కూడా పట్టుకెళ్లి చూపించండి.