బీఫార్మసీ తర్వాత కోడింగా, హెల్త్ ఇన్ఫర్మాటిక్సా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి ఏడాది. మెడికల్ కోడింగ్‌లో చేర్చమని బంధువులు అంటున్నారు. ఆస్పత్రి రికార్డులన్నీ కంప్యూటర్లోకి వస్తున్నాయి కాబట్టి హెల్త్ ఇన్ఫర్మాటిక్సే మేలని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పారు. ఏది మంచిది? నాలుగేళ్ల చదువు వృథా అయినట్టేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏమీ వృథా కాలేదండీ. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అంటే రోగుల రికార్డులను కంప్యూటర్లో పనికొచ్చేలా అమర్చే పని. మందులు తెలిసినవాళ్లు సరిగ్గా అమరిస్తేనే ఎలక్ట్రానిక్ రికార్డు రోగికి పనికొస్తుంది. పెన్సిలిన్ పడదని రోగి చెప్తే, నర్సు ఆ మాట నోట్స్‌లో టైప్ చేసి వదిలేసిందనుకోండి. రేపు డాక్టర్ అమాక్సిసిలిన్ రాసినా సిస్టమ్ నోరు మెదపదు. అలర్జీ గడిలో, లిస్టులోంచి ఎంచి నమోదు చేస్తేనే హెచ్చరిక వస్తుంది. అదీ, అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిదేనని మందుల పట్టికలో ముందే కలిపి ఉంటేనే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, అక్కడ గట్టిగా ఆపాలి. అలాగని ప్రతి చిన్నదానికీ హెచ్చరిక పెడితే డాక్టర్లు చదవకుండానే కొట్టేస్తారు, వాటితోపాటు అసలైనదీ పోతుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ అక్కర్లేదో తేల్చడానికి ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే చదువు) కావాలి.

ఇక కోడింగ్. హైదరాబాద్‌లో ఈ పని ఎక్కువగా అమెరికా బిల్లింగ్ కోసమే. అక్కడి డాక్టర్ల నోట్స్ చదివి జబ్బులకు ఐసీడీ-10-సీఎం, చేసిన వైద్యానికి సీపీటీ కోడ్లు వేయాలి. ఉద్యోగం త్వరగా దొరకొచ్చు, కాదనను. కానీ ఎక్స్‌రే రిపోర్టుల్లాంటి ఒకే మూస పనిని సాఫ్ట్‌వేర్ చేసేయడం మొదలైంది. ఆడిట్, డినయల్స్ (బీమా కంపెనీలు తిరస్కరించిన బిల్లులు), ఆస్పత్రిలో చేరిన రోగుల (ఇన్‌పేషెంట్) చార్టులకు ఇంకా మనిషి కావాలి గానీ, వాటిని కొత్తవాళ్ల చేతికి ఇవ్వరు. అందుకే దీన్ని జీవితకాలపు ఉద్యోగమని చెప్పేవాళ్లను నమ్మలేను.

ఇన్ఫర్మాటిక్స్‌లో ఉద్యోగాలు తక్కువే, కాకపోతే పోటీపడే ఫార్మసీవాళ్లూ తక్కువే. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో రోగికి ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఇస్తారు. ఆ నంబరుతో ముడిపడిన రికార్డు ఒక ఆస్పత్రి నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే ‘ఫైర్’ (FHIR) అనే డేటా ప్రమాణంలో ఉండాలి. ముందు డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్, తర్వాత ఫైర్, ఆపైన వైద్య పదాల ప్రామాణిక పట్టిక స్నోమెడ్ సీటీ నేర్చుకోమనండి. ఫైర్‌కు ఉచిత టెస్ట్ సర్వర్లున్నాయి. ఒక ప్రిస్క్రిప్షన్‌ను అందులోకి ఎక్కించి చూపిస్తే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఇంత రాశారు గానీ, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్కా లేదు మీ ఉత్తరంలో. బంధువులను అడిగారు, ఫీజు తీసుకునేవాళ్లను అడిగారు, చదవాల్సిన పిల్లను అడగలేదా? వంద శాతం ప్లేస్‌మెంట్ అంటూ ఫీజంతా ముందే కట్టమంటే లేచి వచ్చేయండి. ఆమె పరీక్షలయ్యేదాకా ఈ చర్చ ఆపండి, ఫార్మకాలజీ పుస్తకాలు మాత్రం అమ్మేయకండి.