జెడ్ డ్రైవ్ ఎందుకు మాయమైంది: అల్లుడికి ఒక ఉత్తరం

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అకౌంట్స్ ప్రోగ్రామ్ మొరాయిస్తోందని, ఆఫీసులో అందరినీ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో (కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్నవాళ్ల జాబితాలో) చేర్చేస్తే గొడవ వదులుతుందని నిన్న ఫోనులో అన్నావు. ఆ పని మాత్రం చేయకు నాయనా. 20 ఏళ్ల కిందట నేను సరిగ్గా అదే చేశాను. ఆరు నెలలు హాయిగా గడిచాయి. తరువాత ఒక గుమస్తా కంప్యూటర్‌లోకి వైరస్ వచ్చింది. అతనికి ఉన్న అధికారమంతా దానికీ దక్కింది. సాయంత్రానికల్లా 11 కంప్యూటర్లు మూలపడ్డాయి. రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కదానిలో విండోస్ మళ్లీ వేశాను.

ఇక నీ సమస్య. ప్రోగ్రామ్‌ను మామూలుగా తెరిస్తే సెట్టింగులు సేవ్ కావడం లేదు. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కితే జెడ్ డ్రైవే (సర్వర్‌లోని ఫోల్డర్‌కు నువ్వు పెట్టుకున్న Z అక్షరం) లేదంటోంది. పక్కన ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే జెడ్ ఎదురుగానే ఉంది! దీనికి కేబులూ సర్వరూ కారణం కాదు. విండోస్ విస్టా కాలంలో వచ్చిన యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్, అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారం వాడేముందు అనుమతి అడిగే ఏర్పాటు) వల్ల, అడ్మినిస్ట్రేటర్ లాగిన్ కాగానే విండోస్ అతని పేరున రెండు టోకెన్లు (అధికార పత్రాల్లాంటివి) తయారుచేస్తుంది. ఒకటి మామూలుది, రెండోది పూర్తి అధికారాలున్నది. రెండింటికీ సెషన్లు, అంటే లాగిన్లు, వేరు. డ్రైవ్‌ను ఏ సెషన్‌లో మ్యాప్ చేస్తే (సర్వర్ ఫోల్డర్‌కు అక్షరం తగిలిస్తే) ఆ సెషన్‌కే కనిపిస్తుంది. నువ్వు జెడ్‌ను మామూలు సెషన్‌లో మ్యాప్ చేశావు, ప్రోగ్రామ్‌ను రెండో సెషన్‌లో నడుపుతున్నావు. అంతే సంగతి.

ప్రోగ్రామ్ ఒప్పుకుంటే డ్రైవ్ అక్షరం మాని, రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే సర్వర్ పూర్తి చిరునామా ఇవ్వు. నాకు ఇదే నచ్చుతుంది. ఒప్పుకోకపోతే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ యూజ్’ (net use) కమాండ్‌తో మళ్లీ మ్యాప్ చెయ్యి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ‘ఎనేబుల్ లింక్డ్ కనెక్షన్స్’ (EnableLinkedConnections) విలువను 1 చేసి రీస్టార్ట్ చేసే దారి కూడా ఉంది. అయితే ఒక మెలిక గమనించు. లాగిన్ అయిన మనిషి మామూలు యూజర్ అయి, నువ్వు వెళ్లి నీ పాస్‌వర్డ్ కొడితే, ప్రోగ్రామ్ నీ పేరున నడుస్తుంది. అప్పుడు ఈ రిజిస్ట్రీ మార్పు ఉపయోగపడదు. షేర్‌లో (నెట్‌వర్క్‌లో పంచుకున్న సర్వర్ ఫోల్డర్‌లో) నీ ఖాతాకున్న అనుమతులే లెక్కలోకి వస్తాయి. అందుకే ఏ పని మొదలుపెట్టినా ముందు ‘హూ యామ్ ఐ’ (whoami) కమాండ్ కొట్టి, అక్కడ అడుగుతున్నది ఎవరో తెలుసుకో.

అసలు ఆ ప్రోగ్రామ్‌కు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఎందుకు కావాలి? మైక్రోసాఫ్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు జోలికి వెళ్లిందో వరుసగా చూపే సాధనం) నడిపి, ఫలితం ‘యాక్సెస్ డినైడ్’ అని ఉన్న వరుసలే కనిపించేలా ఫిల్టర్ పెట్టు. వేల వరుసల్లోంచి రెండో మూడో మిగులుతాయి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికేది, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోని సొంత సెట్టింగుల ఫైలులో రాయబోయి భంగపడిన వరుస. ఆ ఒక్క ఫైలుకు అకౌంట్స్ గ్రూపువాళ్లకు ‘మోడిఫై’ అనుమతి ఇస్తే చాలు, అడ్మినిస్ట్రేటర్ ప్రసక్తే ఉండదు.

సర్వర్ ఫోల్డర్ దగ్గర అడ్డు పడితే షేర్ అనుమతులు, ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతులు (డిస్క్ మీద ఆ ఫోల్డర్‌కే పెట్టినవి) రెండూ చూడు. రెండింటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది.

ఇంకొక కంప్యూటర్‌లోని లోకల్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో నెట్‌వర్క్ మీదుగా వెళ్తే, పాస్‌వర్డ్ సరైనదే అయినా విండోస్ మామూలుగా పూర్తి అధికారం ఇవ్వదు. ఈ అడ్డును తొలగించే రిజిస్ట్రీ చిట్కా నీకు ఎవరో ఒకరు చెబుతారు, వినకు. అన్ని కంప్యూటర్లలో ఒకే పాస్‌వర్డ్ ఉన్నచోట అది చేస్తే, ఒకటి దొంగ చేతికి చిక్కినా అన్నీ చిక్కినట్లే. డొమైన్ ఖాతా (ఆఫీసు కంప్యూటర్లన్నింటికీ సర్వర్‌లో ఒకేచోట ఉండే ఖాతా) వాడుకో.

ప్రాసెస్ మానిటర్‌లో మిగిలిన ఆ రెండు మూడు వరుసలు ఫోటో తీసి పంపు. ఆదివారం ఇంట్లోనే ఉంటాను, ఇద్దరం కలిసి చూద్దాం. అక్కయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య